అరచేతిలో ప్రయోగశాల: సూక్ష్మప్రవాహ సాంకేతికతపై ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: వెంట్రుక మందం కాలువల్లో ద్రవాలను నడిపి రసాయన విశ్లేషణ చేయవచ్చునన్న ఆలోచన శాస్త్ర పత్రికల్లోకి వచ్చి మూడు దశాబ్దాలు దాటింది. ఈ రంగపు ముఖ్య రచనలను, ప్రజారోగ్యంలో నిలదొక్కుకున్న పరికరాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక వైరుధ్యం బయటపడుతుంది. పరిశోధనాపత్రాలు ఎక్కువగా మెచ్చుకున్నది కాలువ సూక్ష్మతను. క్షయరోగి వరకు చేరగలిగినవి మాత్రం నమూనా పరిమాణాన్ని తగ్గించుకోని పరికరాలు. ఒక బొట్టులో వెతుకుతున్న పదార్థం ఎంత ఉంటుందన్న లెక్కను, చిప్‌కు ముందూ తరువాతా జరిగే పనిని వదిలిపెట్టి ఈ సాంకేతికతను అంచనా వేయడం సరికాదని ఈ వ్యాసం వాదిస్తుంది.

కీలక పదాలు: మైక్రోఫ్లూయిడిక్స్, ల్యాబ్-ఆన్-ఎ-చిప్, నమూనా పరిమాణం, క్షయ నిర్ధారణ, ట్రూనాట్, పీడీఎంఎస్.

1. ఉపోద్ఘాతం

సూక్ష్మప్రవాహ సాంకేతికతను పరిచయం చేసే వ్యాసాల్లో ఒక తరహా ఛాయాచిత్రం తరచుగా కనిపిస్తుంది. పారదర్శకమైన చిన్న బిళ్ళ, అందులో ఎరుపు, నీలం రంగునీళ్ళు నింపిన సన్నని కాలువలు, పరిమాణం తెలియడానికి పక్కన ఒక నాణెం. ఆ నీటిని తోసే సిరంజి పంపు, పీడనాన్ని అదుపు చేసే యంత్రం, ఫలితాన్ని చదివే సూక్ష్మదర్శిని, వీటన్నిటికీ కావలసిన కరెంటు, వీటిని నడపగల మనిషి - ఇవన్నీ ఆ బొమ్మ చట్రానికి బయట ఉండిపోతాయి. చిప్ మీద ప్రయోగశాల అని పిలుస్తున్నదానిలో అధికభాగం ప్రయోగశాలలో చిప్ మాత్రమేనన్న చమత్కారం ఈ రంగంలో పనిచేసేవారి నోటనే చాలాకాలంగా వినిపిస్తోంది.

అరచేతిలో వైకుంఠం చూపించడమన్న జాతీయం తెలుగువారికి కొత్త కాదు. అరచేతిలో ప్రయోగశాల అన్న మాటను కూడా ఆ కోవలో చేర్చి కొట్టిపారేయడం తేలిక, కాని న్యాయం కాదు. గర్భనిర్ధారణ పట్టీ మొదలు, ఒక్కొక్క జీవకణంలోని జన్యుసందేశాలను విడివిడిగా చదివే యంత్రం వరకు, ద్రవాన్ని అతి చిన్న కొలతల్లో నడిపించే విద్య మీద ఆధారపడిన సాధనాలు నేడు వాడుకలో ఉన్నాయి. కాబట్టి ఈ సాంకేతికత పనిచేస్తుందా అన్న ప్రశ్నకు ఇప్పుడు అంత విలువ లేదు. అది ఎక్కడ పనిచేసింది, ఎందుకు పనిచేసింది, దాని సొంత సాహిత్యం ఆ కారణాన్ని సరిగా గుర్తించిందా అన్నవే విమర్శకు తగిన ప్రశ్నలు.

పేరును గురించి ఒక మాట. మైక్రోఫ్లూయిడిక్స్‌కు తెలుగులో సూక్ష్మప్రవాహ శాస్త్రమన్న పేరు అర్థవంతంగానే ఉంది. అయితే 'సూక్ష్మం' అన్న పదానికి తెలుగులో చిన్నదనమే కాక నైశిత్యమన్న ఛాయ కూడా ఉంది. సూక్ష్మబుద్ధి, సూక్ష్మగ్రహణం అన్న పదాల్లో ఉన్నది ఆ ఛాయే. చిన్నదైతే చాలు నిశితమైనది కూడా అవుతుందన్న నమ్మకం ఈ రంగపు రచనల్లో అడుగడుగునా తొంగిచూస్తుంది. పరీక్షకు పెట్టవలసింది ఆ నమ్మకాన్నే.

2. మూలరచనలు చెప్పినదీ, తరువాత చెప్పుకున్నదీ

1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ టెర్రీ, ఆయన సహచరులు ఒక సిలికాన్ పలక మీద సర్పిలాకారపు కాలువను చెక్కి వాయు క్రొమటోగ్రఫీ యంత్రాన్ని తయారుచేశారు. గదిలో ఒక మూలను ఆక్రమించే యంత్రం అయిదు సెంటీమీటర్ల పలక మీదికి వచ్చింది. ఆ పని కాలానికి ముందే వచ్చింది కాబోలు, పదేళ్ళపాటు దానికి పెద్దగా కొనసాగింపు లేదు. 1990లో ఆండ్రియాస్ మాన్జ్, గ్రాబర్, విడ్మర్ కలిసి ప్రతిపాదించిన 'సూక్ష్మీకృత సమగ్ర రసాయన విశ్లేషణ వ్యవస్థ' అన్న భావనతో ఈ రంగం ఒక రూపం సంతరించుకుంది.

ఆ ప్రతిపాదనలో తరువాతి తరం మరచిపోయిన అంశం ఒకటి ఉంది. పరికరాన్ని చిన్నది చేయడానికి అది చూపిన ప్రధాన కారణం విశ్లేషణ సామర్థ్యాన్ని పెంచడం. నమూనా, రసాయనాలు తక్కువ ఖర్చు కావడం దానితోపాటు వచ్చే లాభం మాత్రమే. ఈ రంగపు చరిత్రను సమీక్షిస్తూ మాన్జ్ బృందమే 2002లో వెలువరించిన వ్యాసం కూడా ఈ సంగతిని స్పష్టంగా గుర్తుచేసింది. అంటే అరచేతిలో పట్టడం, రోగి పడక దగ్గరికి తీసుకుపోవడం, ఒక్క బొట్టుతో సరిపెట్టడం అన్న వాగ్దానాలకు మూలరచనలో ప్రాధాన్యం లేదు. అవి తరువాత వచ్చి చేరాయి.

ఎక్కడి నుంచి చేరాయన్నదానికి జార్జ్ వైట్‌సైడ్స్ 2006లో 'నేచర్' పత్రికలో రాసిన వ్యాసం కొంత సమాధానమిస్తుంది. ఆయన ఈ రంగానికి నాలుగు మూలాలను చెప్పారు: అణువిశ్లేషణ, జీవాయుధాల నుంచి రక్షణ, అణుజీవశాస్త్రం, మైక్రోఎలక్ట్రానిక్స్. రెండవ మూలం గమనింపదగినది. యుద్ధరంగంలో విషపదార్థాలను అక్కడికక్కడే పసిగట్టే పరికరాల కోసం 1990లలో అమెరికా రక్షణశాఖ ఇచ్చిన నిధులు ఈ విద్యను ప్రయోగశాల గడప దాటించే ఆలోచనకు బలమిచ్చాయి. నాలుగవ మూలం ఒక ఉపమానాన్ని తెచ్చింది. గది నిండా ఉండే కంప్యూటర్ చిప్‌గా మారినట్టే ప్రయోగశాల కూడా చిప్‌గా మారుతుందన్న పోలిక ఆకర్షణీయమైనది. లోపం కూడా అందులోనే ఉంది. కంప్యూటర్ చిప్‌లోకి వెళ్ళేది విద్యుత్ సంకేతం. దాన్ని ఎంత చిన్నది చేసినా సమాచారం మారదు. సూక్ష్మప్రవాహ చిప్‌లోకి వెళ్ళేది రక్తం, మూత్రం, కఫం. వాటిని చిన్నవి చేస్తే వాటిలోని సమాచారం కూడా తగ్గిపోతుంది.

అదే వ్యాసంలో వైట్‌సైడ్స్ ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ పాఠ్యగ్రంథాల్లో తిరుగుతోంది. పదుల నుంచి వందల మైక్రోమీటర్ల వెడల్పున్న కాలువల్లో, లీటరులో వందకోట్లవ వంతు, అంటే నానోలీటరు, అంతకన్నా తక్కువ పరిమాణాల్లో ద్రవాలను నడిపించే శాస్త్రసాంకేతికత అని దాని సారాంశం. నూరు మైక్రోమీటర్ల భుజమున్న ఘనంలో పట్టేది సరిగ్గా ఒక నానోలీటరు. వేలి కొస నుంచి రాలే రక్తపుబొట్టు దానికి ఇరవైవేల రెట్లకు పైమాటే. క్షయ అనుమానితుడు ఇచ్చే కఫం కొన్ని మిల్లీలీటర్లుంటుంది. అంటే నానోలీటర్లలో పదుల లక్షలు. ఈ అగాధాన్ని ఎలా దాటాలన్నదే అసలు సమస్య. నిర్వచనం దాన్ని తన పరిధిలోకి తీసుకోలేదు.

కాలువ లోపలి భౌతికశాస్త్రం గురించి ఈ రంగం సాధించినదాన్ని తక్కువ చేయనవసరం లేదు. నూరు మైక్రోమీటర్ల కాలువలో సెకనుకు ఒక మిల్లీమీటరు వేగంతో నీరు ప్రవహిస్తే రేనాల్డ్స్ సంఖ్య 0.1 ప్రాంతంలో ఉంటుంది. అక్కడ సుడులు పుట్టవు; రెండు ధారలు పక్కపక్కనే కలవకుండా సాగిపోతాయి. వాటిని కలపవలసింది విసరణ ఒక్కటే. ఒక మధ్యస్థ ప్రోటీన్ ఆ కాలువ వెడల్పును విసరణతో దాటడానికి యాభై సెకన్ల వరకు పడుతుంది. ఈలోగా ద్రవం అయిదు సెంటీమీటర్లు ముందుకు పోతుంది. కాలువ అడుగున ఏటవాలు గాడులు చెక్కి ఈ చిక్కును విప్పిన స్ట్రూక్, ఆయన సహచరుల 2002 నాటి పని ఈ రంగపు అందమైన ఫలితాల్లో ఒకటి. వాల్వులు, పంపులు, బిందువుల ఉత్పత్తి మొదలైన సమస్యలన్నిటికీ ఇలాంటి పరిష్కారాలు దొరికాయి. కాలువ లోపలి ప్రశ్నలకు జవాబులు దొరికినకొద్దీ పరిశోధన కాలువ లోపలే ఉండిపోయింది. ఈ రంగం తన 'సంచలనాత్మక ఉపయోగం' కోసం వెతుకుతున్న తీరునే చర్చకు పెడుతూ హోల్గర్ బెకర్ 2009లో 'ల్యాబ్ ఆన్ ఎ చిప్' పత్రికలో వ్యాఖ్య రాయవలసి వచ్చిందంటే, అప్పటికే లోపలివారికి కూడా అసంతృప్తి ఉన్నట్టు అర్థమవుతుంది.

3. బొట్టులో ఎన్ని?

ఒక్క బొట్టు చాలునా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. జవాబు వెతుకుతున్న పదార్థపు గాఢతను బట్టి ఉంటుంది. రక్తంలో గ్లూకోజు సాధారణ స్థాయిలో ఉన్నప్పుడు ఒక మైక్రోలీటరులో మూడు వేల లక్షల కోట్లకు పైగా గ్లూకోజు అణువులుంటాయి. అందువల్లనే ఇంట్లో వాడే గ్లూకోమీటరుకు మైక్రోలీటరు కన్నా తక్కువ రక్తం కూడా సరిపోతుంది. ప్రతిరక్షకాలు అంత సమృద్ధంగా కాకపోయినా లెక్కకు మిక్కిలిగానే ఉంటాయి. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన శామ్యూల్ సియా బృందం రువాండాలో పరీక్షించి 2011లో 'నేచర్ మెడిసిన్'లో ప్రకటించిన ఎంచిప్ పరికరం ఒక మైక్రోలీటరు రక్తంతో హెచ్ఐవీ ప్రతిరక్షకాలను గుర్తించగలిగింది. పంపు లేదు, చేతితో లాగే సిరంజి సృష్టించే పీడనవ్యత్యాసమే ద్రవాలను నడిపింది. ప్లాస్టిక్ అచ్చుతో పోసిన చిప్, సన్నని గొట్టంలో గాలిబుడగలతో వేరుచేసి వరుసగా నింపిన రసాయనాలు, కంటికి కనిపించే వెండి పూత. ఈ రంగంలో చట్రానికి బయట ఏమీ దాచిపెట్టని కొద్ది రచనల్లో ఇది ఒకటి.

అదే వ్యాధిలో వైరస్‌నే లెక్కించవలసి వచ్చినప్పుడు కథ మారుతుంది. చికిత్స విఫలమవుతోందని అనుమానించడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు మిల్లీలీటరుకు వెయ్యి ఆర్ఎన్ఏ ప్రతులు. ఆ స్థాయిలో ఒక మైక్రోలీటరులో సగటున ఒక్క ప్రతి ఉంటుంది. సగటున ఒకటి ఉండడమంటే ప్రతి మైక్రోలీటరులోనూ ఒకటి ఉండడం కాదు. పాయిజాన్ విభాజనం ప్రకారం నూటికి 37 సార్లు అందులో ఒక్కటి కూడా ఉండదు. గుర్తించే సాధనం పరిపూర్ణమైనదైనా, ఒక్క అణువును కూడా వదలకపోయినా, లేనిదాన్ని చూడలేదు. గుర్తింపు హద్దును కాలువ రూపకల్పనతో ఎంతైనా తగ్గించవచ్చునన్నట్టు రాసే పత్రాలు ఈ సాధారణమైన లెక్కను దాటవేస్తున్నాయి.

క్షయ విషయంలో ఇది మరింత కఠినం. సూక్ష్మదర్శిని కింద కఫంలో క్షయ బాక్టీరియాను చూడగలగాలంటే మిల్లీలీటరుకు అయిదు నుంచి పదివేల వరకు ఉండాలి. జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్ష ఆ హద్దును మిల్లీలీటరుకు 131 వరకు దించింది. ఆ గాఢతలో ఒక మైక్రోలీటరు కఫం తీసుకుంటే నూటికి 88 సార్లు అందులో ఒక్క బాక్టీరియా కూడా ఉండదు. కనీసం ఒకటైనా ఉంటుందని 95 శాతం నమ్మకం కలగాలంటే 23 మైక్రోలీటర్లు కావాలి. దీని తరువాతి రూపమైన అల్ట్రా హద్దు మిల్లీలీటరుకు సుమారు 16. అక్కడ ఆ నమ్మకానికి దాదాపు 190 మైక్రోలీటర్లు కావాలి. హద్దు దిగినకొద్దీ కావలసిన నమూనా పెరుగుతుంది. చిన్నది నిశితమన్న నమ్మకం ఇక్కడ తలకిందులవుతుంది.

వేలి కొస రక్తానికి ఇంకొక ఇబ్బంది ఉంది. రైస్ విశ్వవిద్యాలయంలో మెగ్ బాండ్, రెబెకా రిచర్డ్స్-కోర్టుమ్ 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకే వేలి నుంచి వరుసగా తీసిన బొట్లను పోల్చింది. హిమోగ్లోబిన్, తెల్ల రక్తకణాలు, ప్లేట్‌లెట్ల విలువలు బొట్టుకు బొట్టుకు మధ్య గణనీయంగా మారాయి. సిర నుంచి తీసిన రక్తానికి ఉన్న నిలకడ రావాలంటే ఆరు నుంచి తొమ్మిది బొట్ల సగటు తీసుకోవలసి వచ్చింది. ఆ సంవత్సరమే అమెరికాలో థెరానోస్ సంస్థపై 'వాల్ స్ట్రీట్ జర్నల్' కథనాలు మొదలయ్యాయి. కొన్ని బొట్ల రక్తంతో వందల పరీక్షలు చేయగలమన్న ఆ సంస్థ 2018లో మూతపడింది. స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్ పెట్టుబడిదారులను మోసగించినట్టు 2022 జనవరిలో న్యాయస్థానంలో రుజువైంది. ఈ ఉదంతాన్ని ఒక వ్యక్తి మోసంగా చెప్పుకొని ముగించడం పరిపాటి. మోసం మోసమే. కాని ఒక్క బొట్టు చాలునన్న వాక్యం ఆ సంస్థ కనిపెట్టినది కాదు. అది అంతకు ముందునుంచే ఎన్నో పరిశోధనాపత్రాల తొలి పేరాల్లో, నిధుల దరఖాస్తుల్లో ఏ షరతూ లేకుండా తిరుగుతున్న వాక్యం. ఏ పదార్థానికి, ఏ గాఢతలో, ఎంత నమ్మకంతో చాలునన్న మూడు షరతులు అక్కడ జతచేసి ఉంటే, వినేవారికి అనుమానించే సాధనం ఒకటి చేతిలో ఉండేది.

4. కార్ట్రిడ్జిలో కఫం

2010 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందిన జీన్‌ఎక్స్‌పర్ట్‌ను సూక్ష్మప్రవాహ సాంకేతికత ప్రజారోగ్యానికి ఇచ్చిన అతిపెద్ద కానుకగా సమీక్షావ్యాసాలు పేర్కొంటాయి. మనదేశంలో ఆరోగ్యసిబ్బంది దీన్నే సీబీనాట్ అంటారు. ప్రపంచంలోని క్షయరోగుల్లో దాదాపు నాలుగోవంతు భారతదేశంలోనే ఉన్నందున ఈ పరికరపు గుణదోషాలు తెలుగు పాఠకులకు దూరపు సంగతులు కావు. దాని కార్ట్రిడ్జిని విప్పి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గుప్పిట్లో పట్టే ప్లాస్టిక్ పెట్టె. లోపల గుండ్రంగా అమర్చిన గదులు, నడుమ తిరిగే వాల్వు, సిరంజి వలె పైకీ కిందికీ కదిలే ముషలకం. రసాయనంతో పలుచన చేసిన కఫం మిల్లీలీటర్ల లెక్కన లోపలికి పోతుంది. బాక్టీరియాను వడపోసి పట్టి, కడిగి, అతిధ్వని తరంగాలతో పగలగొట్టి, బయటపడ్డ డీఎన్ఏను చివరి గదిలోకి పంపుతుంది. 2006 నాటి నిర్వచనాన్ని అక్షరాలా పాటిస్తే దీనిలో సూక్ష్మప్రవాహం అన్నది దాదాపు లేదు. ఇది సాధించినది సూక్ష్మీకరణ కాదు. పెద్ద నమూనాలో చెదురుమదురుగా ఉన్న కొద్దిపాటి బాక్టీరియాను ఒకచోటికి చేర్చడం, ఆ పనిని మనిషి చేయి తగలకుండా పూర్తిచేయడం.

2017లో ఆమోదం పొందిన అల్ట్రా ఈ వాదానికి మరింత బలమిస్తుంది. గుర్తింపు హద్దును ఎనిమిదో వంతుకు దించడానికి దాని రూపకర్తలు చేసిన మార్పుల్లో ముఖ్యమైనవి రెండు: బాక్టీరియా జన్యుపదార్థంలో అనేక ప్రతులుగా ఉండే భాగాలను లక్ష్యంగా తీసుకోవడం, చివరి చర్య జరిగే గదిని 25 మైక్రోలీటర్ల నుంచి 50 మైక్రోలీటర్లకు పెంచడం. సూక్ష్మప్రవాహ రంగపు ప్రసిద్ధ విజయం, గదిని రెట్టింపు పెద్దది చేసి మెరుగైంది. దానికి మూల్యం కూడా ఉంది. లోగడ క్షయకు చికిత్స పొందినవారిలో మిగిలిపోయిన నిర్జీవ బాక్టీరియా డీఎన్ఏను కూడా అది పట్టుకుంటుంది కనుక, అలాంటివారిలో లేని వ్యాధిని ఉన్నట్టు చూపే అవకాశం పెరిగింది.

గోవాకు చెందిన మోల్‌బయో, బెంగళూరుకు చెందిన బిగ్‌టెక్ సంస్థల ట్రూనాట్ మరో దారి ఎంచుకుంది. జీన్‌ఎక్స్‌పర్ట్‌కు నిలకడైన కరెంటు, చల్లని గది కావాలి. వేసవిలో ఏసీ లేని ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో అది కష్టం. ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది. వేడిని, దుమ్మును తట్టుకునేలా తయారైంది. దానిలో నిజంగానే ఒక చిన్న చిప్ ఉంది. కాని చిప్‌కు ముందు వేరే యంత్రం కఫం నుంచి డీఎన్ఏను తీయాలి. ఆ ద్రవంలో ఆరు మైక్రోలీటర్లను సిబ్బంది పైపెట్‌తో కొలిచి ఎత్తి పొడి రసాయనంలో కలిపి, చిప్ మీద వేయాలి. రిఫాంపిసిన్ నిరోధకత తెలుసుకోవడానికి మరో చిప్‌తో మళ్ళీ పరీక్షించాలి. జీన్‌ఎక్స్‌పర్ట్ రెండింటినీ ఒకేసారి చెబుతుంది. ఒకటి చేతిపనిని తగ్గించి గదిని అడుగుతుంది, రెండవది గదిని అడగకుండా చేతిపనిని కోరుతుంది. ఏది మేలన్నది కాలువ వెడల్పుతో తేలే విషయం కాదు. ఆ ఆరోగ్యకేంద్రంలో కరెంటు ఎంతసేపు ఉంటుంది, పైపెట్ పట్టే ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం భర్తీ అయిందా అన్నవాటితో తేలుతుంది. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం క్షయ పరీక్షల కోసం జిల్లాల్లో ఉన్న ట్రూనాట్ యంత్రాలను కోవిడ్ పరీక్షలకు మళ్ళించగలిగింది. చిప్ మార్చితే వ్యాధి మారుతుందన్న ఈ సౌలభ్యం ఈ తరహా పరికరాల అసలైన బలాల్లో ఒకటి. యంత్రాలు అటు మళ్ళినప్పుడు తెమడ పరీక్ష కోసం వచ్చినవారి సంగతి ఏమిటన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

ఫలితం వచ్చాక ఏమవుతుందన్నది మరొక అంచు. దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా, టాంజానియా దేశాల ప్రాథమిక కేంద్రాల్లో 1,502 మందితో జరిగిన టీబీ-నీట్ అధ్యయనం 2014లో 'లాన్సెట్'లో వెలువడింది. కొద్దిపాటి శిక్షణ పొందిన నర్సులు జీన్‌ఎక్స్‌పర్ట్‌ను సరిగానే నడపగలిగారు. అదేరోజు చికిత్స మొదలైనవారి సంఖ్య పెరిగింది. అయితే కొన్ని నెలల తరువాత చూస్తే రోగుల అస్వస్థత తీవ్రతలో సూక్ష్మదర్శిని వర్గానికీ దీనికీ తేడా కనిపించలేదు. కారణం యంత్రం వైఫల్యం కాదు. పరీక్షలో తేలకపోయినా లక్షణాలను బట్టి వైద్యులు అప్పటికే చాలామందికి మందులు మొదలుపెడుతున్నారు. మెరుగైన పరీక్ష వచ్చి చేరినది ఖాళీ స్థలంలో కాదు, అనుభవంతో నడుస్తున్న ఒక వ్యవస్థలో. సున్నితత్వం ఇన్ని శాతమని ముగించే పరిశోధనాపత్రానికి ఈ తేడా కనిపించే వీలే లేదు.

ధర సంగతి కూడా ఇలాంటిదే. చిప్ చౌక అన్నది ఈ రంగంలో దాదాపు స్వతస్సిద్ధ సూత్రం. జీన్‌ఎక్స్‌పర్ట్ కార్ట్రిడ్జి ధరను పేద దేశాల కోసం 2012లో 9.98 డాలర్లకు తగ్గించడానికి దాతృసంస్థలు డబ్బు చెల్లించవలసి వచ్చింది. దాన్ని 7.97 డాలర్లకు దించడానికి పదకొండేళ్ళు, ఆరోగ్య కార్యకర్తల సుదీర్ఘ ఉద్యమం పట్టాయి. ప్లాస్టిక్ ఖరీదుకూ పరీక్ష ఖరీదుకూ మధ్య పేటెంట్లు, గుత్తాధిపత్యం, మరమ్మతు ఒప్పందాలు ఉన్నాయి.

5. సూక్ష్మత నిజంగా పనికివచ్చిన చోటు

పై వాదాన్ని సూక్ష్మత నిరుపయోగమన్న అర్థంలో తీసుకోరాదు. చిన్నదనం పరిమాణాన్ని ఆదా చేయడానికి కాక, వేరుచేయడానికి ఉపయోగపడిన చోట ఈ సాంకేతికత మరే పద్ధతీ చేయలేని పనిని చేసింది. డిజిటల్ పీసీఆర్‌లో ఇరవై మైక్రోలీటర్ల ద్రవాన్ని నూనెలో సుమారు ఇరవైవేల బిందువులుగా విడగొడతారు. ప్రతి బిందువూ ఒక పరీక్షనాళిక. ఎన్ని బిందువులు వెలిగాయో లెక్కపెడితే చాలు, మొదట ఎన్ని డీఎన్ఏ ప్రతులున్నాయో తెలుస్తుంది. ఇక్కడ గమనించవలసినది మొత్తం పరిమాణం తగ్గకపోవడం. ఇరవై మైక్రోలీటర్లూ అలాగే ఉన్నాయి. విభజన మాత్రమే సూక్ష్మం. మూడవ విభాగంలో శత్రువైన పాయిజాన్ విభాజనమే ఇక్కడ కొలతకు సాధనమయింది.

2015లో 'సెల్' పత్రికలో వెలువడిన డ్రాప్-సెక్ పద్ధతి దీన్ని మరింత ముందుకు తీసుకుపోయింది. ఒక్కొక్క బిందువులో ఒక్కొక్క జీవకణాన్ని, దానికొక గుర్తింపుముద్ర ఉన్న పూసను బంధించి, ఎలుక రెటీనాలోని 44,808 కణాలను పరిశీలించి 39 సముదాయాలుగా వర్గీకరించింది. జీవశాస్త్రంలో ఇటీవలి ప్రధాన పరిణామాల్లో ఒకటైన ఏకకణ జన్యువిశ్లేషణకు ఇటువంటి బిందువులే పునాది. విచిత్రమేమంటే ఇది జరిగినది పల్లెటూరి ఆరోగ్యకేంద్రంలో కాదు, అన్ని హంగులూ ఉన్న పెద్ద ప్రయోగశాలల్లో. ప్రయోగశాలలో చిప్ అన్న ఎత్తిపొడుపు ఈ సందర్భంలో నిందే కాదు. విశ్లేషణ సామర్థ్యమే ప్రధానమన్న 1990 నాటి ప్రతిపాదన ఇక్కడే నెరవేరింది.

అవయవాలను చిప్ మీద అనుకరించే ప్రయత్నాల గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. డాన్ హూ, డొనాల్డ్ ఇంగ్బర్ బృందం 2010లో ప్రకటించిన ఊపిరితిత్తుల చిప్ ఊపిరి కదలికను కూడా అనుకరించింది. అలాంటి చిప్‌లకు విరివిగా వాడే పీడీఎంఎస్ అనే మెత్తని సిలికోన్‌కు గాలిని పోనిచ్చే గుణం ఉంది. కణాలకు అది మేలు. నీటిలో సులభంగా కరగని చిన్న అణువులను పీల్చుకునే గుణం కూడా దానికి ఉందని టెప్కె, బీబ్ 2006లోనే చూపారు. ఎన్నో మందులు ఆ కోవకు చెందినవే. చిప్‌లో పోసిన మోతాదు ఒకటి, కణానికి చేరినది మరొకటి అయితే ఆ ప్రయోగం మందును గురించి చెప్పిందా, గోడను గురించి చెప్పిందా? కాలువ చిన్నదైనకొద్దీ ద్రవపు పరిమాణంతో పోల్చితే గోడ వైశాల్యం పెరుగుతుంది కనుక సూక్ష్మత ఈ దోషాన్ని పెంచుతుంది. ఈ హెచ్చరిక తరువాత కూడా మోతాదు నష్టాన్ని కొలవకుండా పీడీఎంఎస్ చిప్‌లలో ఔషధ ఫలితాలు ప్రకటించడం పరిశోధనా క్రమశిక్షణ అనిపించుకోదు.

6. పరీక్షకుల ప్రశ్నలు

విశ్వవిద్యాలయాల్లో ఈ అంశంపై సిద్ధాంతవ్యాసాలను పరిశీలించేవారు సాధారణంగా గుర్తింపు హద్దు ఎంత, సమయం ఎంత, పాత పద్ధతులతో పోలిక ఏమిటి అని అడుగుతారు. ఆ హద్దు శుద్ధమైన బఫర్ ద్రావణంలో వచ్చిందా, రోగి నుంచి తీసిన రక్తంలో వచ్చిందా అన్నది తరువాతి ప్రశ్న కావాలి. రక్తంలోని కణాలు, ప్రోటీన్లు కాలువ గోడలకు అంటుకుంటాయి. కఫం జిగురు ఒకరి నుంచి ఒకరికి ఎన్నో రెట్లు మారుతుంది. బఫర్‌లో పనిచేసిన చిప్ అక్కడ మొరాయించడం అరుదు కాదు. చిప్ నింపిన నమూనాలో లక్ష్యపదార్థం ఒక్కటైనా ఉండే సంభావ్యత ఎంతన్న లెక్క ఒక పంక్తి కూడా పట్టదు. అయినా అది వ్యాసాల్లో అరుదుగానే కనిపిస్తుంది. చిప్ బయట వాడిన యంత్రాలన్నిటినీ బొమ్మలో చేర్చమని అడగడం కూడా అసమంజసం కాదు.

కాగితపు చిప్‌ల సాహిత్యం ఈ ప్రశ్నలకు ఎక్కువగా గురికావలసి ఉంది. వడపోత కాగితం మీద కాలువలు గీసి మూత్రంలో గ్లూకోజును, ప్రోటీన్‌ను గుర్తించిన మార్టినెజ్, వైట్‌సైడ్స్ బృందపు 2007 నాటి వ్యాసం వేలకొద్దీ అనుసరణలకు దారితీసింది. కేశనాళిక బలమే పంపు కనుక చట్రానికి బయట దాచవలసినది తక్కువ. గాఢత ఎక్కువగా ఉండే పదార్థాలను ఎంచుకోవడంలో మొదటి వ్యాసం చూపిన వివేకం అనుసరణలన్నిటిలోనూ లేదు. తేమ, ఎండ, రంగు ఛాయను చదివే కళ్ళ మధ్య తేడా వంటివి ప్రయోగశాల బల్ల మీద పుట్టని సమస్యలు.

క్షయ సోకిన చిన్నపిల్లలు కఫాన్ని ఉమ్మలేరు. వచ్చిన కఫాన్ని మింగేస్తారు. అందువల్ల పెద్దలకు అక్కరకు వచ్చిన కార్ట్రిడ్జి వారి విషయంలో ఏళ్ళ తరబడి అంతగా ఉపయోగపడలేదు. ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోని ద్రవాన్ని తీయడం ఒక్కటే చాలాచోట్ల మార్గంగా ఉండేది. దానికి పసివాణ్ణి ఆసుపత్రిలో చేర్చాలి, పరగడుపున ఉంచాలి. మింగిన కఫంలోని బాక్టీరియా డీఎన్ఏ మలంలో మిగిలి ఉంటుందన్న సంగతిని ఆధారం చేసుకొని, పిల్లల మలాన్ని అదే కార్ట్రిడ్జిలో పరీక్షించే పద్ధతులను పరిశోధకులు రూపొందించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. కఫానికి వాడే రసాయనమే, యంత్రమూ అదే. కొత్తగా గీసిన కాలువ ఒక్కటీ లేదు.